చెమర్చిన జీళ్ళు: తీర్థాల మిఠాయిని వానాకాలంలో అమ్మబోయిన ఒక కుటుంబం కేసు

కోనసీమలో మూడు తరాలుగా జీళ్ళు చేస్తున్న కుటుంబం అది. కనుమ నాటి ప్రభల తీర్థంతో (తీర్థమంటే ఇక్కడ జాతర) మొదలుపెట్టి శివరాత్రి దాకా ఊరూరా అంగడి పెట్టడం, ఆ తర్వాత పొయ్యి ఆర్పి వేరే పనులు చూసుకోవడం వారి ఆనవాయితీ. 2022 వేసవిలో, పాతకాలపు తినుబండారాలు అమ్మే హైదరాబాద్ దుకాణం ఒకటి వారి దగ్గర పావు కిలో ప్యాకెట్లు కొనడం మొదలుపెట్టింది. చైత్రంలో పంపిన సరుకు వారం తిరగకుండా అమ్ముడుపోయింది. శ్రావణంలో పంపిన సరుకు తిరిగి వచ్చింది.

ఫిర్యాదులు రెండు రకాలు. కొన్ని ప్యాకెట్లలో జీళ్ళన్నీ కరిగి ఒకే ముద్దగా అతుక్కుపోయాయి. కవరు చించితే వేళ్ళకు పాకం అంటుకుంటోంది. మరికొన్నింటిలో జీళ్ళు విడివిడిగానే ఉన్నాయి గానీ పైన తెల్లటి పొర కట్టింది. నోట్లో వేసుకుంటే సాగకుండా ఇసుకలా రాలిపోతున్నాయి. కొన్నవాళ్ళు ఆ తెలుపును బూజు అనుకున్నారు. ఒకటి మరీ మెత్తబడింది, ఇంకొకటి మరీ పొడిబారింది కాబట్టి ఇవి రెండు వేర్వేరు తప్పులని ఇంట్లోవాళ్ళు తేల్చుకున్నారు: మొదటిది పాకం లేతగా దించినందువల్ల, రెండోది ముదరబెట్టినందువల్ల. పొయ్యి దగ్గర వంతులవారీగా కూర్చునే తండ్రికీ కొడుక్కీ మధ్య దీని మీద మాటపట్టింపులు కూడా వచ్చాయి. ఆ దశలో నన్ను పిలిచారు.

మిఠాయి కర్మాగారాలకు తయారీ సలహాలు ఇవ్వడం నా వృత్తి. టాఫీలు, గట్టి బిళ్ళలు, చాక్లెట్లు నాకు రోజువారీ సరుకు. జీళ్ళ మీద పని చేయమని ఎవరూ అంతకుముందు అడగలేదు. ఒప్పుకోవడానికి కారణం సగం వృత్తి, సగం నోరూరడం.

తీర్థాల సరుకు

బెల్లం పాకాన్ని గట్టిగా కాచి, చల్లారుతుండగా కొక్కేనికి వేసి పదేపదే లాగి, తాడులా సాగదీసి, కత్తెరతో వేలి కణుపంత ముక్కలుగా కత్తిరిస్తే జీళ్ళు. కొందరు పాకంలోనే నువ్వులు కలుపుతారు, కొందరు పైన అద్దుతారు, కొందరు యాలకుల పొడితో సరిపెడతారు. పంచదారతో చేసే తెల్ల జీళ్ళూ ఉన్నాయి గానీ ఈ కుటుంబం వాటి జోలికి పోదు. కొరకగానే పెళుసుగా విరిగి, నోటి వేడికి మెల్లగా మెత్తబడి, చివరికి పళ్ళకు అంటుకుని వదలకపోవడం దీని లక్షణం. కట్టుడు పళ్ళు పెట్టుకున్నవారు దూరం నుంచే దండం పెడతారు.

జగ్గన్నతోట ప్రభల తీర్థం, భీష్మ ఏకాదశికి అంతర్వేది, శివరాత్రికి కోటప్పకొండ. ఇలాంటి చోట్ల ఖర్జూరాలు, పంచదార చిలకల పక్కన జీళ్ళ గుట్టలు కనబడతాయి. ఈ తేదీలను ఒకసారి వరసగా చూడండి. పుష్యమాసం, మాఘమాసం, మహా అయితే ఫాల్గుణం ముంగిట. ఈ వరస తర్వాత నాకు చాలా పనికొచ్చింది.

చెరకు రసాన్ని ఎంతవరకు కాచాలి, ఎక్కడ ఆపితే ఏమవుతుంది అన్న జ్ఞానం మన దేశంలో చాలా పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో గిడ్డంగుల అధికారి సంగతి చెప్పే అధ్యాయం ఫాణితం, గుడం, మత్స్యండిక, ఖండం, శర్కర అని చెరకు సరుకులను వేరువేరుగా పేర్కొంటుంది. అంటే జారుపాకం నుంచి పలుకు చక్కెర దాకా ఒక్కొక్క దశనూ అప్పటికే విడిగా గుర్తించి లెక్క రాసుకుంటున్నారన్నమాట. ఇక కాచిన పాకాన్ని లాగడం మన ఒక్కరి విద్యే కాదు. ఇరాన్‌లో పష్మక్ అనే పీచు మిఠాయిని పాకం లాగే చేస్తారు. అమెరికాలో సముద్రతీరపు విహార పట్టణాల్లో అమ్మే టాఫీ కూడా ఇదే కోవలోది.

లాగడం వల్ల ఏమవుతుంది? పాకాన్ని కొక్కేనికి వేసి, లాగి, మడిచి మళ్ళీ వేసిన ప్రతిసారీ పొరలు రెట్టింపవుతాయి. 10 మడతలకు వెయ్యి పైచిలుకు, 20 మడతలకు పది లక్షలు దాటుతాయి. ఆ పొరల మధ్య సన్నని గాలి బుడగలు చిక్కుకుంటాయి. ముదురు గోధుమరంగు పాకం బంగారు వన్నెకు తిరిగేది రంగు పోవడం వల్ల కాదు, ఆ బుడగలు వెలుతురును చెదరగొట్టడం వల్ల. కొరికినప్పుడు రాయిలా కాకుండా పెళుసుగా విరగడానికీ అవే కారణం. అయితే ఆ బుడగలు, పొరల వల్ల గాలికి తగిలే మేర కూడా పెరుగుతుంది. లాగిన మిఠాయి లాగని దానికంటే తొందరగా తేమ పీల్చుకుంటుంది.

పొయ్యి దగ్గర చూసింది

వారి పని చూడటానికి వెళ్ళినప్పుడు వాన పడుతోంది. ఇంటి వెనక రేకుల పాక, అందులో పొయ్యి, నూనె రాసిన నల్లరాతి బండ, గుంజకు బిగించిన ఇనుప కొక్కెం. బెల్లాన్ని నీళ్ళలో కరిగించి పలచటి గుడ్డతో వడకట్టి కాసేపు తేర్చారు. అడుగున చేరిన మట్టిని వదిలేసి పై పాకాన్ని మాత్రమే బాణలిలో పోశారు. పొంగు మీదికొస్తే ఒక బొట్టు నూనె వేసి అణిచారు. పాకం చిక్కబడ్డాక గరిటె తిప్పడం పూర్తిగా మానేశారు. ఇది చాలామందికి తెలియని జాగ్రత్త. చివరి దశలో కదిపితే బాణలి అంచున ఎండిన చక్కెర పలుకులు పాకంలో పడి మొత్తం పలుకుకట్టే ప్రమాదం ఉంది.

పాకం చూడటం ఆ ఇంటి పెద్దావిడ బాధ్యత. చెంచాడు పాకాన్ని చన్నీళ్ళలో వేసి, ఉండ చేసి, ఇత్తడి పళ్ళేనికి కొట్టారు. మొదటిసారి చప్పుడు మొద్దుగా వచ్చింది. కొద్ది నిమిషాలాగి మళ్ళీ కొట్టారు.

“ఇప్పుడు విను బాబూ, ఖంగుమంది. ఇక దించేయాలి.”

నేను పెట్టిన థర్మామీటరు అప్పుడు 139 డిగ్రీలు చూపించింది. ఆమె కొడుకు చేసిన తర్వాతి వాయిలో కూడా దించింది అటూ ఇటుగా అక్కడే, తేడా రెండు డిగ్రీలకు మించలేదు. తాతముత్తాతల చెవి ఇంత కచ్చితంగా ఉంటే పాకం లేత, ముదురు అన్న వాదనకు చోటే లేదు. 120 డిగ్రీల దగ్గర దించిన పాకంలో దాదాపు పదో వంతు నీరు ఉంటుంది. 150 దాకా కాస్తే అది రెండు మూడు శాతానికి దిగుతుంది. పంచదార బిళ్ళలైతే అంతవరకూ కాచవచ్చు. బెల్లాన్ని అలా కాస్తే చేదెక్కుతుంది, ఎందుకంటే అందులోని ఫ్రక్టోజు అనే చక్కెర 110 దాటిన దగ్గర్నుంచే మాడడానికి సిద్ధంగా ఉంటుంది. రుచి చెడకుండా నీరు తగ్గించగల చివరి మెట్టు మీద ఆ కుటుంబం నిలబడి ఉంది. అక్కడ ముట్టుకోవలసిందేమీ లేదు.

ముట్టుకోవలసినవి వేరే కనబడ్డాయి. కొడుకు తన వాయిలో అర చెక్క నిమ్మరసం పిండాడు. ఎందుకని అడిగితే, పాకం పలుకుకట్టకుండా ఉంటుందని ఫోనులో ఒక వీడియోలో చూశానన్నాడు. తండ్రి వాయిలో నిమ్మరసం లేదు. కత్తిరించిన జీళ్ళను రెండు వాయిల్లోనూ పాకలోనే పళ్ళేల్లో పరిచి, పూర్తిగా చల్లారేదాకా వదిలేశారు. బయట వాన పడుతుండగా అక్కడి తేమ 80 శాతం పైనే ఉంది. ఆ తర్వాత పలచటి పాలిథిన్ కవర్లలో పోసి కొవ్వొత్తి మంట మీద అంచు అతికించారు.

రెండు ఫిర్యాదులు, ఒకటే జబ్బు

జీడి గాజులాంటిది. ఈ మాట పోలిక కోసం అనడం లేదు. వేగంగా చల్లారిన చక్కెర పాకం నిజంగానే గాజు స్థితిలో గడ్డకడుతుంది. అణువులు ఒక వరసలో సర్దుకోవడానికి వ్యవధి దొరకక ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. ఈ బిగువు ఎంత వేడికి సడలుతుందన్నది అందులోని చక్కెరలను బట్టి ఉంటుంది. నీరు లేని సుక్రోజు, అంటే మామూలు పంచదారలోని చక్కెర, 60 డిగ్రీలు దాటేవరకు గాజులాగే ఉంటుంది. గ్లూకోజు సుమారు 31 డిగ్రీలకే సడలుతుంది. ఫ్రక్టోజుకైతే 5 డిగ్రీలు చాలు. వీటికి ఏ కొంచెం నీరు చేరినా ఆ అంకెలన్నీ ఇంకా కిందికి దిగుతాయి. కాబట్టి జీడిలో సుక్రోజు విరిగి ఏర్పడిన గ్లూకోజు, ఫ్రక్టోజుల వాటా పెరిగేకొద్దీ అది మన గది వేడికే సడలడానికి దగ్గరవుతుంది. పైగా ఫ్రక్టోజు గాలిలోని తేమను లాక్కోవడంలో మహా ఆశపోతు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఈ విరిగిన చక్కెరలు అసలు లేకపోతే మరో చిక్కు. సుక్రోజు అణువులన్నీ ఒకే తీరుగా ఉంటాయి కాబట్టి, కాస్త కదలిక దొరికితే చాలు, వరస కట్టి పలుకులైపోతాయి. వాటి మధ్య గ్లూకోజు, ఫ్రక్టోజు అడ్డుపడితేనే ఆ వరస కుదరదు. పంచదార పాకంలో నిమ్మరసం పిండేది ఇందుకే. పులుపు, వేడి కలిసి కొంత సుక్రోజును విరగ్గొడతాయి. వీడియోలో చెప్పింది పంచదారకు అక్షరాలా నిజం. బెల్లంలో మాత్రం ఆ విరిగిన చక్కెరలు పుట్టుకతోనే ఉంటాయి, మామూలుగా 5 నుంచి 15 శాతం దాకా. దానికి నిమ్మరసం తోడైతే మోతాదు మించుతుంది.

ఇప్పుడు తిరిగొచ్చిన ప్యాకెట్లను చూస్తే లెక్క కుదిరింది. రెండు రకాల జీళ్ళూ పాకలోనే, కవరులోకి వెళ్ళకముందే తేమ పీల్చుకున్నాయి. పలచటి కవరులో ఇంకా పీల్చుకున్నాయి. నిమ్మరసం పడిన వాయిలో పైపొర జారుపాకంగా మారి అలాగే ఉండిపోయింది, జీళ్ళు ముద్దకట్టాయి. నిమ్మరసం లేని వాయిలో సడలిన పైపొరలోని సుక్రోజు పలుకుకట్టింది. అదే ఆ తెల్లటి పొర. బూజు కాదని సూక్ష్మదర్శినిలో చూపించాక గానీ హైదరాబాద్ దుకాణదారు నమ్మలేదు. తండ్రి చేసినా కొడుకు చేసినా జబ్బు తేమదే. అది ముద్దగా కనబడాలా, పొడిగా కనబడాలా అన్నది మాత్రమే నిమ్మరసం నిర్ణయించింది.

బస్తాలో ఉన్న అసలు తేడా

చైత్రంలోనూ కొడుకు నిమ్మరసం పిండాడు, పాకా అదే, కవర్లూ అవే. అప్పుడు ఎందుకు చెడలేదు? గాలిలో తేమ తక్కువ కావడం ఒక కారణం. దాంతోనే సరిపెట్టుకుంటే కేసు సగంలో ఆగిపోయేది. పెద్దావిడ మందులకూ పూజకూ అని మాఘంలో కొన్న బెల్లం దిమ్మలో కొంత జాడీలో పెట్టి, మూతకు గుడ్డ కట్టి దాచారు. దాన్ని, శ్రావణంలో వాడిన బస్తా బెల్లాన్ని ప్రయోగశాలలో విరిగిన చక్కెరలను కొలిచే ఫెహ్లింగ్ ద్రావణంతో పరీక్ష చేయించాను. బస్తా బెల్లంలో విరిగిన చక్కెరలు జాడీ బెల్లంలో ఉన్నవాటికి రెట్టింపు పైనే తేలాయి.

వారికి బెల్లం అనకాపల్లి వైపు నుంచి వస్తుంది. అక్కడి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. ఆంధ్ర తీరంలో చెరకు గానుగలు మార్గశిరం నుంచి చైత్రం దాకా జోరుగా ఆడతాయి. ఆ నెలల్లో కొన్న బెల్లం కొత్తది. శ్రావణంలో కొన్నది గోదాములో నెలల తరబడి నిలవుండి, వానగాలికి చెమర్చి, లోలోపల విరుగుతూ వచ్చినది. చెరకు దగ్గరా తేడాలుంటాయి. ముదరకముందే కొట్టిన చెరకు, గాలికి పడిపోయిన చెరకు, నరికాక ఒకటి రెండు రోజులు ఎండలో పడి ఉన్న చెరకు, వీటన్నింటి రసంలో విరిగిన చక్కెరలు ఎక్కువే. గానుగ దగ్గర సున్నం సరిగా వేయకపోతే రసం పులుపు తగ్గక ఇంకా పెరుగుతాయి.

ఇప్పుడు తీర్థాల తేదీల దగ్గరికి రండి. కనుమ, రథసప్తమి, భీష్మ ఏకాదశి, శివరాత్రి: బెల్లం కొత్తగా ఉండే నెలలు, గాలి పొడిగా ఉండే నెలలు అవే. పైగా తీర్థంలో కొన్న జీళ్ళు ఇంటికి చేరేలోపే సగం ఖాళీ అవుతాయి. నిలవ ఉంచాలన్న అవసరం ఈ మిఠాయికి ఎప్పుడూ రాలేదు. మూడు తరాల పనితనంలో లోపం లేదు, ఆ పనితనం అలవాటుపడిన కాలం వేరు. పాత బెల్లంతో, తడిగాలిలో, నెలరోజులు నిలవుండేలా జీళ్ళు చేయమని వారిని ఎవరూ ఏనాడూ అడగలేదు. హైదరాబాద్ దుకాణం తెలియకుండా అడిగింది అదే.

ఈ మాట చెప్పినప్పుడు పెద్దావిడ ఏమీ ఆశ్చర్యపోలేదు. “శ్రావణంలో మా అత్తగారు పొయ్యి ముట్టించేవారు కాదు. ఎందుకని మేమూ అడగలేదు,” అన్నారు.

వద్దనుకున్న దారులు

మిఠాయి పరిశ్రమలో దీనికి తయారుగా ఉన్న జవాబు ద్రవ గ్లూకోజు, అంటే మొక్కజొన్న పిండి నుంచి తీసే చిక్కటి పాకం. అందులోని పొడవాటి అణువులు పలుకుకట్టనీయవు, తేమను కూడా అంతగా లాగవు. బెల్లంలో ఐదో వంతు తీసేసి ఆ మేరకు దీన్ని కలిపి చేయించాను. జీళ్ళు అద్దాల్లా నిగనిగలాడాయి, తడిగాలిలో కూడా చాలాసేపు నిలబడ్డాయి. కానీ కొరికితే విరిగే పెళుసుదనం పోయి రబ్బరులా సాగాయి, బెల్లం కమ్మదనం వెనక్కి తగ్గింది. పెద్దావిడ ఒక ముక్క నోట్లో వేసుకుని, “ఇది చాక్లెట్టు బాబూ” అని పక్కన పెట్టేశారు. వ్యాపారపరంగా చూసినా ఆమె మాటే సరైనది. ఆ దుకాణంలో జనం కొనేది చిన్నప్పటి రుచిని. ప్యాకెట్టు వెనక బెల్లం, నువ్వులు అన్న రెండే మాటలు ఉండటం వారికి పెద్ద ఆకర్షణ. మూడో మాట చేర్చి పోగొట్టుకునేది ఎక్కువ.

కొంత పంచదార కలిపితే సుక్రోజు వాటా పెరిగి తేమ బాధ తగ్గుతుంది. అదీ చూశాం. రంగు బాగా వచ్చింది, రుచి చప్పబడింది. కొడుకు మొగ్గు చూపాడు, తండ్రి ఒప్పుకోలేదు. నేను కల్పించుకోలేదు.

లాగే యంత్రం సంగతి కొడుకే ఎత్తాడు. భుజాలు పడిపోతున్నాయని అతని గోడు, అందులో అన్యాయం లేదు. ఇలాంటి యంత్రాలకు శతాబ్దం దాటిన చరిత్ర ఉంది. పాకం లాగే యంత్రం పేటెంటు తగాదా ఒకటి అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, 1921లో హిల్‌డ్రెత్, మాస్టోరస్ కేసుగా తీర్పు వచ్చింది. ఆ తీర్పు రాసింది అంతకుముందు ఆ దేశానికి అధ్యక్షుడిగా చేసిన విలియం హోవర్డ్ టాఫ్ట్. మిఠాయి తగాదా మీద అంత పెద్దమనిషి కూర్చుని పుటలు నింపాడంటే, అందులో ఎంత డబ్బు ఉండేదో ఊహించుకోవచ్చు. అయితే ఈ కేసులో యంత్రం తీర్చే సమస్య ఒక్కటీ లేదు. భుజాల నొప్పి నిజమే గానీ ఫిర్యాదులు కొక్కెం దగ్గర పుట్టినవి కావు. పైగా యంత్రం ఆగకుండా లాగుతుంది. బెల్లం పాకాన్ని మెరుపు తగ్గి పట్టులా తెల్లబారగానే ఆపేయాలి. అక్కడ దాటితే లాగుడే పలుకులకు విత్తనం వేస్తుంది. రోజుకు ఇన్ని వాయిలన్న స్థాయిలో డబ్బు అందులో పెట్టవద్దన్నాను.

చేసిన మార్పులు

నిమ్మరసం ఆ రోజే మానేశారు. ఇది ఖర్చు లేని మార్పు, తండ్రి మొహంలో సంతోషం తెచ్చిన మార్పు కూడా.

పెద్ద మార్పు పంచాంగంలో. వానాకాలంలో వండటం పూర్తిగా ఆపి, ఏడాదికి కావలసిన జీళ్ళను మాఘం నుంచి చైత్రం లోపలే వండి నిలవ చేయాలని సూచించాను. కొత్త బెల్లాన్ని నెలల తరబడి దాచడం కంటే, దాన్ని వెంటనే పాకం చేసి, నీరు తీసేసి, గాలి తగలకుండా జీళ్ళుగా దాచడం మేలు. బెల్లంలో ఉన్నంత నీరు జీళ్ళలో ఉండదు, నీరు తక్కువైనచోట చక్కెర విరగడమూ తక్కువే.

చెప్పడం తేలిక. అంత సరుకుకు కావలసిన బెల్లం, నువ్వులు, వంటచెరకు ఒకేసారి కొనాలి. డబ్బు వచ్చేది ఎప్పుడో భాద్రపదంలో. ఈ మాట మీద రోజుల తరబడి చర్చ జీడిపాకంలాగే సాగింది. చివరికి దుకాణదారు సగం సొమ్ము ముందుగా ఇవ్వడానికి ఒప్పుకున్నాడు, బదులుగా వేరే ఎవరికీ ప్యాకెట్లు ఇవ్వకూడదని షరతు పెట్టాడు. తీర్థాల్లో విడిగా అమ్ముకునే సరుకుకు ఆ షరతు వర్తించదని కాగితం మీద రాయించమన్నాను. సాంకేతిక సలహాదారుడి పని కాదంటారా? ఆ ఒక్క వాక్యం లేకపోతే ప్రభల తీర్థంలో వారి అంగడి ఉండేది కాదు.

బెల్లం ఎంచుకోవడానికి ప్రతిసారీ ప్రయోగశాలకు పంపలేరు కాబట్టి ఇంటి పరీక్ష ఒకటి కుదుర్చుకున్నాం. కొనబోయే బస్తా నుంచి గుప్పెడు బెల్లం తీసి, 139 డిగ్రీల దాకా కాచి, లాగకుండా బిళ్ళలుగా పోయాలి. తడిగుడ్డ పరిచిన డబ్బాలో గిన్నె బోర్లించి, దాని మీద ఆ బిళ్ళలు పెట్టి మూత వేసి రాత్రంతా ఉంచాలి. పక్కనే మంచిదని తెలిసిన బెల్లంతో చేసిన బిళ్ళలు కూడా ఉండాలి. తెల్లవారి వేలు ఆనిస్తే ఏది ఎక్కువ జిగటగా ఉందో ఎవరైనా చెప్పగలరు. అంకె రాదు, కానీ బస్తా కొనాలా వద్దా అన్నది తేలుతుంది.

మరీ లేత పసుపు రంగులో మెరిసే బెల్లం మానేయమన్నాను. ఆ రంగు చాలాసార్లు హైడ్రోసు అనే, రంగు తేల్చే గంధకపు రసాయనం వేయడం వల్ల వస్తుంది. అందులోని గంధకం జీళ్ళ దాకా చేరితే లేబులు మీద చెప్పవలసి వస్తుంది: 2020 నాటి లేబులింగ్ నిబంధనల ప్రకారం కిలోకు 10 మిల్లీగ్రాములు, ఆపైన సల్ఫైటు ఉంటే ప్రకటించాలి. పైగా లాగితే ఎలాగూ బంగారు రంగు వచ్చే మిఠాయికి తెల్ల బెల్లం దేనికి?

చల్లార్చే పద్ధతి కూడా మారింది. జీళ్ళు గది వేడికి పూర్తిగా చల్లారేదాకా ఆగకుండా, చేతికి ఇంకా నులివెచ్చగా ఉండగానే, ముక్కలు ఒకదానికొకటి అంటుకోనంత గట్టిపడగానే డబ్బాలో పోసి మూత బిగించాలి. గాలికంటే వెచ్చగా ఉన్న వస్తువు మీద తేమ అంత తొందరగా చేరదు. మూత అంచుకు చుట్టూ టేపు, లోపల గుడ్డ సంచిలో తేమ పీల్చే సిలికా జెల్. ప్యాకెట్లు కట్టడం మాత్రం ఆర్డరు వచ్చినప్పుడే, ఇంట్లో ఏసీ ఉన్న పడకగదిలో, తేమ 50 శాతం లోపు ఉన్నట్టు మీటరు చూపించాక. పలచటి పాలిథిన్ బదులు లోపల వెండిలా మెరిసే పొర ఉన్న కవరు వచ్చింది. దుకాణదారు పాత వార్తాపత్రికలో చుట్టి తాడు కడితే ముచ్చటగా ఉంటుందని అడిగాడు. ఆహారాన్ని వార్తాపత్రికలో చుట్టడం 2018 ప్యాకేజింగ్ నిబంధనల్లోనే నిషిద్ధం. ఆ ముచ్చట కావాలంటే కవరు పైన పత్రికలా అచ్చువేయించుకోమన్నాను. ఇక కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు వారికి లేదు. చిన్న తయారీదారులకు అప్పట్లో ఏడాదికి 100 రూపాయల రుసుముతో అయ్యే పని, కొడుకు ఫోనులోనే పూర్తి చేశాడు.

ఆ తర్వాత

2023 మాఘ, ఫాల్గుణాల్లో వండిన సరుకు ఆ శ్రావణ, భాద్రపదాల్లో హైదరాబాద్ వెళ్ళింది. ముద్దకట్టిందన్న ఫిర్యాదు రాలేదు. తెల్లపొర మాత్రం కొన్ని డబ్బాల్లో కనబడింది. వెతికితే వాటి మూతలు సొట్టపడి సరిగా కూర్చోలేదు. పాత నూనె డబ్బాలు వాడితే ఇంతే. తర్వాతి ఏడాదికి కొత్త డబ్బాలు కొన్నారు.

ఇంకో ఫిర్యాదు దసరా దగ్గర వచ్చింది, నేను ఎదురుచూడని వైపు నుంచి. జీళ్ళు గలగలలాడుతున్నాయి, పెళుసుగా విరుగుతున్నాయి, కానీ నమిలాక చివర్లో నూనె కంపు వస్తోందని. పాకం నిలబడింది, నువ్వులు నిలబడలేదు. తీర్థాల కాలంలో వారంలో తినేసే జీళ్ళలో నువ్వులు కమరుపట్టే ప్రశ్నే ఉండేది కాదు. వారు వాడుతున్నవి చూడటానికి తెల్లగా ఉండే పొట్టు తీసిన నువ్వులు. పొట్టు లోపలి నూనెకు గాలి తగలకుండా కాపాడుతుంది. అది తీసేస్తే తొందరగా పాడవుతుంది. లాగిన పాకంలోని గాలి బుడగలు కూడా ఇక్కడ మేలు చేయవు. సిలికా జెల్ తేమను పట్టగలదు గానీ గాలిలోని ఆక్సిజన్‌ను పట్టలేదు.

ఇప్పుడు సరుకును మూడు భాగాలు చేశాం. ఒకటి పొట్టుతో ఉన్న నువ్వులను దోరగా వేయించి పాకంలో కలిపినది, ఒకటి అవే నువ్వులను పైన మాత్రమే అద్దినది, ఒకటి నువ్వులే లేకుండా యాలకులతో చేసినది. డబ్బాల మీద రంగు చీటీలు అంటించి, శ్రావణంలో ఒకసారి, దసరాకు ఒకసారి తెరిచి రుచి చూడాలని అనుకున్నాం. నువ్వులు లేని జీళ్ళు తనకు అక్కర్లేదని దుకాణదారు ముందే చెప్పాడు. పెద్దావిడ లెక్క వేరు: ఆమె అత్తగారి కాలంలో నువ్వులు సంక్రాంతి వాయిల్లోనే పడేవట, శివరాత్రికి చేసే జీళ్ళలో యాలకులు మాత్రమే ఉండేవట.